గడప దాటాల్సింది పన్నెండు వోల్టులే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే పక్కన ఏ ఊళ్లోకి దిగినా ఇప్పుడు సన్‌షేడ్ల కింద సీసీ కెమెరాలు కనిపిస్తాయి. కారణం అందరికీ తెలిసిందే. పిల్లలు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరే ఉంటారు, లేదంటే ఇంటికి తాళం వేసి ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఫోన్ తీసి వీధి గుమ్మం ఒకసారి చూసుకుంటే మనసు కుదుటపడుతుంది.

కెమెరా కొనేటప్పుడు చాలా చర్చ జరుగుతుంది. ఎన్ని మెగాపిక్సెళ్లు, రాత్రి రంగుల్లో కనిపిస్తుందా, ఫోన్‌లో మాట వినిపిస్తుందా అని అన్నీ అడుగుతారు. దానికి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలనేది మాత్రం బిగించే రోజున అర నిమిషంలో తేలిపోతుంది. దగ్గర్లో ఏది దొరికితే అదే. ఎక్కువగా దొరికేది వీధి లైటు హోల్డరు. బల్బు తీసి, హోల్డరుకి ప్లగ్గు తగిలించి, దానికి అడాప్టర్ గుచ్చి, వాన పడకుండా పాలిథిన్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. బొమ్మ బాగానే వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. అసలు ప్రమాదం ఆ కవర్‌లోనే ఉంది.

ఇంటి కెమెరాకి కావలసింది చాలా తక్కువ కరెంటు. మామూలు కెమెరా 12 వోల్టుల మీద పనిచేస్తుంది. కొన్ని వైఫై కెమెరాలకు ఫోన్ ఛార్జర్ లాగే 5 వోల్టులు చాలు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగినప్పుడు కూడా చాలా రకాలు ఐదారు వాట్లకు మించి వాడవు. గోడలోని 230 వోల్టులను ఆ 12కో 5కో దించే పని అడాప్టర్‌ది. ఆ దించడం ఇంటి లోపల జరిగితే బయటికి వెళ్లే వైరు తెగినా, తడిసినా, పిల్లలు పట్టుకున్నా ప్రాణాపాయం ఉండదు. అదే బయట జరిగితే అడాప్టర్ దాకా 230 వోల్టులు వానలోకి, ఎండలోకి, ఎలుకల మధ్యకి వచ్చినట్టే. కెమెరా వైరింగ్‌లో మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఫ్యూజు కాపాడే వస్తువు వేరు

ఇంట్లో ఫ్యూజు ఉంది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) ఉంది, ఏదైనా జరిగితే అదే పడిపోతుందిలే అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అవి కాపాడేది వైర్లను, మనుషులను కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి ఒంట్లోంచి అందులో వందో వంతు, అంటే 60 మిల్లీ ఆంపియర్లు, ఒకటి రెండు సెకన్లు పారినా గుండె లయ తప్పవచ్చు. తడి చేత్తో, వట్టి కాళ్లతో, నీళ్లు నిలిచిన గచ్చు మీద ఉన్న మనిషికి షాక్ కొడుతుంటే ఆ ఎంసీబీకి ఏమీ తెలియదు. ఒక చిన్న బల్బు వెలుగుతోందనే అనుకుంటుంది.

మనిషి కోసం పనిచేసేది ఆర్‌సీసీబీ. ఊళ్లలో పాత అలవాటు కొద్దీ ఈఎల్‌సీబీ అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ సరిచూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, అంటే ఆ కాస్తా మనిషి ఒంట్లోంచో తడిగోడలోంచో నేలకు పోతోందని అర్థమయ్యేసరికి, సెకనులో చిన్న భాగంలోనే లైను కట్ చేస్తుంది. బయటికి ఏ కారణంతోనైనా 230 వోల్టుల లైను వెళ్లే ఇంట్లో ఇది ఉండి తీరాలి. దాని మీద టీ అనే అక్షరంతో ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారైనా నొక్కి, పడుతోందో లేదో చూసుకోవాలి. ఏళ్ల తరబడి కదలని ఆర్‌సీసీబీ బిగుసుకుపోయే అవకాశం ఉంది.

వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని, విసుగొచ్చి దాన్ని పక్కకు తప్పించి డైరెక్ట్ చేయించుకునేవాళ్లు ఉన్నారు. ఇంతకంటే పెద్ద తప్పు లేదు. వాన పడినప్పుడే అది పడిపోతోందంటే, బయట ఎక్కడో ఒక అతుకులోకి నీరు దిగి కరెంటు కారుతోందన్నమాట. ఆ అతుకును వెతికి బాగుచేయాలి తప్ప, దాన్ని పట్టి చూపించిన పరికరాన్ని తీసేయకూడదు.

కవర్ లోపల ఏమవుతుంది

కెమెరా పెట్టె మీద ఐపీ66 అనో ఐపీ67 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 6 అంటే నలువైపుల నుంచి గట్టిగా నీళ్లు కొట్టినా లోపలికి పోవని, 7 అంటే కాసేపు నీటిలో మునిగినా తట్టుకుంటుందని. ఈ హామీ కెమెరా ఒంటికి మాత్రమే. దాని వెనక తోకలా వేలాడే పిన్నుకు వర్తించదు. పక్కన పెట్టెలో వచ్చిన అడాప్టర్‌కు అసలే వర్తించదు. అడాప్టర్ లేబుల్ మీద చిన్న ఇల్లు బొమ్మ ఉందేమో చూడండి. ఇంటి లోపలే వాడాలని దాని అర్థం. ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం బొమ్మ ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్తు పిన్ను అవసరం లేదని అర్థం. అది కూడా పొడిగా ఉన్నంతవరకే.

పాలిథిన్ కవర్ పైనుంచి పడే చినుకును ఆపుతుంది, నిజమే. లోపల మాత్రం అడాప్టర్ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపల చేరిన తేమ ఆవిరై అక్కడే తిరుగుతుంది, తెల్లవారుజామున చల్లబడి చుక్కలుగా దిగుతుంది. బయటికి పోయే దారి ఉండదు. పండగకి ఊరొచ్చి విప్పి చూస్తే వాన పడని వారంలో కూడా కవర్ లోపల చెమ్మ కనిపిస్తుంది. పైగా ఎండకు అడాప్టర్ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, అతుకుల దగ్గర పగులుతుంది. వెచ్చగా ఉందని బల్లులు, చీమలు చేరతాయి. రెండు పిన్నుల మధ్య బల్లి పడి షార్ట్ అయిన అడాప్టర్లను ప్రతి ఎలక్ట్రీషియనూ చూసే ఉంటాడు.

బారువ, భావనపాడు, కళింగపట్నం, కోనాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలి బాధ కూడా ఉంది. ఉప్పు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. ఆ తడి ఉప్పు పొర మీదుగా కరెంటు తేలిగ్గా పాకుతుంది. 12 వోల్టుల పిన్ను కూడా దీనికి బలవుతుంది. షాక్ ఉండదు కానీ, ఒకే దిశలో పారే డీసీ కరెంటు కాబట్టి ప్లస్ వైపు రాగి నిదానంగా కరిగిపోతుంటుంది. ఆరు నెలల తర్వాత పిన్ను తీస్తే పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కెమెరా పాడైందని కొత్తది కొనేస్తారు గానీ, చాలాసార్లు పోయింది ఆ పిన్నే. తీరంలో బిగించేటప్పుడు పిన్నులో కాస్త సిలికాన్ గ్రీజు పెట్టి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యే రబ్బరు టేపు చుట్టి, దాన్ని ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్ లోపల ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఒక వేసవికే జిగురు కారి ఊడిపోతుంది. దాన్ని నమ్ముకోకూడదు.

అడాప్టర్ ఇంట్లోనే స్విచ్ బోర్డు దగ్గర ఉండాలి. అక్కడి నుంచి సన్నటి 12 వోల్టుల వైరు మాత్రమే గోడ దాటాలి. గోడకు రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లును కాస్త బయటికి వాలేలా పట్టుకోవాలి. లోపలి అంచు ఎత్తులో, బయటి అంచు పల్లంలో ఉంటే నీళ్లు వైరు వెంట ఇంట్లోకి రావు. బయట వైరు నేరుగా పైనుంచి రంధ్రంలోకి దూరకుండా, ఒక జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చి లోపలికి వెళ్లాలి. వైరు మీద జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఖర్చు లేని పని ఇది. జంక్షన్ బాక్స్‌కి కూడా ఇదే సూత్రం. వైర్లు కింది వైపు నుంచే లోపలికి వెళ్లాలి. బాక్స్ పై భాగంలో రంధ్రం వేసి సిలికాన్ పూసినా, ఆ పూత పగిలిన రోజున బాక్స్ చిన్న తొట్టి అవుతుంది.

అడాప్టర్ కొనేటప్పుడు దాని ఒంటి మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. చవకరకం అడాప్టర్లలో 230 వోల్టుల వైపుకీ 12 వోల్టుల వైపుకీ మధ్య ఉండాల్సిన ఎడం సరిగా ఉండదు. ఆ అడ్డు తెగితే, 12 వోల్టులే కదా అని బయటికి పంపిన వైరులోకి 230 వచ్చేస్తుంది. ఇంత జాగ్రత్తగా వేసిన ఏర్పాటు ఆ ఒక్క వస్తువు దగ్గర వమ్మవుతుంది.

రాత్రి మాత్రమే ఆగిపోయే కెమెరా

అడాప్టర్ లోపల పెట్టమంటే వెంటనే వచ్చే అభ్యంతరం దూరం. కెమెరా గేటు దగ్గర, అడాప్టర్ హాల్లో, మధ్య 30 మీటర్లు. అలా వేస్తే పగలంతా బాగుంటుంది, చీకటి పడగానే కెమెరా ఆగి ఆగి మొదలవుతుంటుంది. వైఫై బాలేదని కొందరు, కెమెరా నకిలీదని కొందరు అనుకుంటారు. అసలు కారణం వైరు సన్నదనం.

లెక్క ఇలా ఉంటుంది. 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్న రాగి తీగ ఒక్కో మీటరుకు సుమారు 0.086 ఓముల నిరోధం చూపిస్తుంది. 30 మీటర్లు వెళ్లి, 30 మీటర్లు తిరిగి రావాలి కాబట్టి మొత్తం 60 మీటర్లు, 5 ఓముల పైచిలుకు. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటే దారిలో పోయేది ఒక వోల్టే. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలిగి 0.5 ఆంపియర్లు తీసుకుంటే రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి. కెమెరాకు తొమ్మిదిన్నర కూడా మిగలదు. అది ఆగిపోతుంది, లైట్లు ఆరతాయి, భారం తగ్గి వోల్టేజి లేస్తుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే తంతు. దొంగ వచ్చేదీ ఆ వేళకే.

అదే దూరానికి 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేస్తే మొత్తం నిరోధం ఒక ఓము. రాత్రి పోయేది అర వోల్టు. సమస్య ఉండదు. ఇక్కడ రాగి అన్న మాటను పట్టుకుని అడగాలి. కెమెరా కేబుళ్లలో అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చాలా అమ్ముతున్నారు. చూపుకి రాగిలాగే ఉంటాయి. నిరోధం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ, పైగా తేమ తగిలిన అతుకు దగ్గర త్వరగా తినేస్తుంది. తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

5 వోల్టుల వైఫై కెమెరాలకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పది మీటర్ల సన్నటి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరులో అర ఆంపియర్‌కే రెండు వోల్టులు పోవచ్చు. ఐదులో రెండు పోతే మిగిలేది మూడే. కెమెరా ఆగిపోతోందని 1 ఆంపియర్ అడాప్టర్ తీసి 2 ఆంపియర్లది పెడతారు. ప్రయోజనం ఉండదు. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లు అది గరిష్ఠంగా ఇవ్వగల కరెంటు, కెమెరా తనకు కావలసినంతే లాక్కుంటుంది. ఆంపియర్లు ఎక్కువున్నా నష్టం లేదు. వోల్టులు మాత్రం రాసినవే ఉండాలి. పిన్ను సరిపోయింది కదా అని 5 వోల్టుల కెమెరాకు 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే క్షణంలో పోతుంది.

దూరం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఉత్తమమైన దారి పీవోఈ. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో బొమ్మ, కరెంటు రెండూ వెళ్తాయి. 12 బదులు 48 వోల్టుల దగ్గర పంపుతారు కాబట్టి అదే ఆరు వాట్లకు 0.125 ఆంపియర్లు చాలు. కేబుల్ నిరోధం 20 ఓములున్నా దారిలో పోయేది రెండున్నర వోల్టులు. 48లో అది లెక్కలోకి రాదు. ప్రమాణం ప్రకారం 100 మీటర్ల దాకా వేసుకోవచ్చు. ఇందులో భద్రత పరంగా ఇంకో మేలుంది. సరైన పీవోఈ స్విచ్ (ఈ కేబుళ్లు గుచ్చే పెట్టె) ముందుగా కేబుల్ చివర పీవోఈ పరికరం ఉందా అని చిన్న వోల్టేజితో పరీక్షిస్తుంది. ఉందని తేలితేనే 48 వోల్టులు వదులుతుంది. తెగి వేలాడే కేబుల్‌లోకి పంపదు. ఈ పరీక్ష చేయకుండా నేరుగా కరెంటు వదిలే చవకరకాలు కూడా ఉన్నాయి. వాటిని పాసివ్ పీవోఈ అంటారు. కొనేటప్పుడు 802.3ఏఎఫ్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోవాలి. పీవోఈ కెమెరా పెట్టెలో నెట్‌వర్క్ పిన్నుకు తొడిగే చిన్న ప్లాస్టిక్ టోపీ, రబ్బరు వాషర్లు వస్తాయి. బిగించేవాళ్లు తొందరలో చాలాసార్లు వాటిని పెట్టెతోపాటు పారేస్తారు. పిన్నులోకి నీరు దిగకుండా ఆపేది అవే.

చేతికి చిమచిమలాడే డబ్బా

నాలుగైదు కెమెరాలు, వాటి బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్ ఉన్న ఇళ్లలో అడాప్టర్లకు బదులు ఇనుప డబ్బాలో ఎస్ఎంపీఎస్ పెడతారు, అన్ని కెమెరాలకూ కలిపి ఒకే పెద్ద అడాప్టర్ లాంటిది. దాని మీద ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్తుకు మూడు స్క్రూలు ఉంటాయి. ఎంతో చోట్ల మూడో స్క్రూ ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడిదాకా వచ్చింది రెండు తీగల వైరు.

దీని ఫలితం చాలామందికి అనుభవమే గానీ కారణం తెలియదు. నిచ్చెనెక్కి కెమెరా తుడుస్తుంటే చేతికి చిమచిమలాడుతుంది. డీవీఆర్ వెనక కేబుల్ పట్టుకుంటే అలాగే ఉంటుంది. టెస్టర్ పెడితే మసగ్గా వెలుగుతుంది. ఎస్ఎంపీఎస్ లోపల 230 వోల్టుల వైపు నుంచి ఇనుప డబ్బాకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి ద్వారా కారే కొద్దిపాటి కరెంటు ఎర్తు వైరులోంచి నేలకు పోవాలని తయారీదారు ఉద్దేశం. ఎర్తు లేకపోతే దానికి దారి ఉండదు. డబ్బా 230లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. 12 వోల్టుల మైనస్ తీగ, కేబుల్ లోపలి లోహపు జాలీ, కెమెరా ఇనుప ఒళ్లు చాలాచోట్ల దానితో కలిసే ఉంటాయి కాబట్టి అదంతా బయట గోడ మీది కెమెరా దాకా పాకుతుంది.

ఆ కరెంటు చాలా స్వల్పం. దానికదే ప్రాణం తీయదు. కానీ నిచ్చెన మీద ఉన్న మనిషి ఉలిక్కిపడి చేయి వదిలితే పడేది పది అడుగుల కిందికి. అంతకంటే ముఖ్యంగా, ఎర్తు లేని డబ్బాలో ఏ రోజైనా ఫేజు తీగ ఊడి ఇనుముకు తగిలితే అప్పుడు వచ్చేది చిమచిమ కాదు. ఎర్తు ఉంటే ఆ క్షణమే ఫ్యూజో ఎంసీబీయో పోతుంది. లేకపోతే డబ్బా, దాంతోపాటు బయటి కెమెరాలన్నీ 230 వోల్టుల మీద కూర్చుంటాయి.

మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల ఎర్తును న్యూట్రల్‌కే కలిపేసి ఉంటారు, అది మరీ ప్రమాదం. ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు చూపాలి. ఇది మొదటి పరీక్ష మాత్రమే. తీగ ఉందో లేదో చెబుతుంది గానీ, భూమిలో గొయ్యి ఎంత బాగుందో చెప్పదు. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు గొయ్యి మే నెలకల్లా ఎండిపోతుంది. వేసవిలో అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పోయాలి. పెద్దవాళ్లు మొక్కకు పోసినట్టు పోసేవారు, ఆ అలవాటు పోగొట్టుకోకూడదు.

ఎస్ఎంపీఎస్ విషయంలో ఇంకో మాట. 12 వోల్టులకు షాక్ కొట్టదు గానీ మంట పుట్టించగలదు. 20 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్‌కు నేరుగా కట్టిన సన్నటి వైరు బయట ఎక్కడో షార్ట్ అయితే, ఆ ఇరవై ఆంపియర్లూ అందులోంచే పారడానికి చూస్తాయి. తీగ ఎర్రగా కాలుతుంది. తాటాకు చూరులోనో, జీడిపిక్కల బస్తాల పక్కనో అలాంటి వైరు ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక్కో కెమెరాకు విడివిడిగా చిన్న ఫ్యూజు ఉన్న ఎస్ఎంపీఎస్ తీసుకోవాలి. లేదంటే ఒక్కో లైనుకూ 1 ఆంపియర్ ఫ్యూజు విడిగా పెట్టించాలి.

వైరు వెళ్లే దారి

తప్పనిసరిగా బయటికి 230 వోల్టులు తీసుకెళ్లాల్సిన సందర్భాలు లేకపోలేదు. గేటు స్తంభం మీద లైటు, కెమెరా రెండూ కావాలన్నప్పుడు అలా వస్తుంది. అప్పుడు ఆర్‌సీసీబీ వెనక నుంచి, మూడు తీగల వైరుతో, పైపులో, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా వెళ్లాలి. చివర వాన తగలని మూత బాక్స్ ఉండాలి. మెలి తిప్పిన జంట వైరును మేకులకు కట్టి లాగడం వైరింగ్ అనిపించుకోదు.

అన్నిటికంటే భయపడాల్సింది బట్టల దండెం. కెమెరా కోసం లాగిన 230 వోల్టుల వైరుకు ఆధారంగా ఉంటుందని దాన్ని పెరట్లో దండెం తీగకు చుట్టేస్తారు. గాలికి రాసుకుని పై పొర అరిగితే ఇనుప దండెం మొత్తం కరెంటు తీగవుతుంది. తడి బట్టలు ఆరేయడానికి వచ్చిన ఇల్లాలి చేయి ముందుగా దాని మీదే పడుతుంది. దండేనికి కరెంటు పాకి ప్రాణాలు పోయిన వార్తలు వానాకాలంలో పేపర్లలో వస్తూనే ఉంటాయి. ఒకరు షాక్ తిని, విడిపించబోయి ఇంకొకరు పోవడం ఆ వార్తల్లో తరచూ కనిపించే విషాదం. 230 వోల్టుల వైరు దండెం దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

ఇనుప గేటు, రేకుల షెడ్డు, షట్టరు, ఇనుప స్తంభం, వీటన్నిటికీ ఇదే భయం. స్తంభానికి రంధ్రం వేసి వైరు దూర్చినప్పుడు ఆ అంచు కత్తిలా ఉంటుంది. రబ్బరు వాషరు వేయాలి, లేదంటే పైపు ముక్క తొడగాలి. కోతులు తిరిగే ఊళ్లలో వైరును గాలిలో వేలాడదీయకూడదు. పైపులో పోతే వాటి చేతికి అందదు.

పిడుగుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం దాటాక ఈ జిల్లాల్లో ఉరుములు మామూలే. నేరుగా పడే పిడుగును ఇంటి స్థాయిలో ఏ పరికరమూ ఆపలేదు. దగ్గర్లో ఎక్కడో పడ్డా పొడవాటి వైర్లలో పుట్టే వోల్టేజికే డీవీఆర్ పోర్టులు వరసగా కాలిపోతాయి. హఠాత్తుగా ఎగిసే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ బోర్డులో పెడితే కొంత మేలు, అదీ ఎర్తు బాగుంటేనే. మబ్బు ముసురుకున్నప్పుడు ప్లగ్గు తీయడంతోపాటు బయటి నుంచి వచ్చే నెట్‌వర్క్ కేబుల్‌ను కూడా నెట్‌వర్క్ స్విచ్ నుంచి ఊడదీయాలి. కరెంటు ప్లగ్గు ఒక్కటే తీస్తే సగం దారి తెరిచే ఉంచినట్టు. ఉరుములు మొదలయ్యాక ఆ వైర్లను ముట్టుకోకూడదు. ఇంటి నుంచి కల్లంలోని షెడ్డుకో, రోడ్డు అవతలి కొట్టుకో కెమెరా లైను వేయాలంటే ఫైబర్ వేయించడం మంచిది. గాజులోంచి కరెంటు పారదు.

కరెంటు పోయిన తర్వాత

దొంగ భయం ఎక్కువయ్యేది కరెంటు పోయినప్పుడే కాబట్టి బ్యాటరీ గురించి అందరూ అడుగుతారు. డీవీఆర్‌కు 15 వాట్లు, నాలుగు కెమెరాలకు 20, వైఫై రౌటరుకు 10, ఇన్వర్టరు తన కోసం తినేది ఇంకో 20 అనుకుంటే మొత్తం 65 వాట్లు. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి నికరంగా 1,200 వాట్ అవర్లు వస్తాయనుకున్నా 18 గంటలు నడుస్తుంది. అదే ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లు కూడా తిరిగితే ఆరేడు గంటలే. ఊరెళ్లేటప్పుడు ఫ్యాన్ల స్విచ్‌లు కట్టేసి వెళ్లడం కెమెరాల కోసం కూడా అవసరం.

ఒక్క కెమెరా, ఒక్క రౌటరు ఉన్న ఇంటికి చిన్న డీసీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా వాటిని నడిపే బ్యాటరీ పెట్టె, చాలు. దాని మీద రాసిన 10,000 ఎంఏహెచ్ చూసి మురిసిపోవద్దు. ఆ అంకె లోపలి 3.7 వోల్టుల సెల్లుకు చెప్పింది. అసలు శక్తి 37 వాట్ అవర్లు. రౌటరు, కెమెరా కలిసి 15 వాట్లు తీసుకుంటే రెండు గంటలు వస్తుంది.

వైర్ల గొడవే లేని సోలార్ కెమెరా ఉద్దానం జీడితోటల్లో, ఊరి చివర కొబ్బరితోటల్లో బాగా పనికొస్తుంది. పలకను దక్షిణం వైపు, నేలకు 18 డిగ్రీలు వాల్చి పెడితే ఈ జిల్లాలకు సరిపోతుంది. కొబ్బరాకు నీడ దాని మీద పడకూడదు. చాలా సోలార్ కెమెరాలు ఎప్పుడూ రికార్డు చేయవు, కదలిక కనిపించినప్పుడే లేస్తాయి. ముసురు పట్టిన వారంలో బ్యాటరీ అడుగంటే అవకాశమూ ఉంది. ఇంటి ముఖద్వారానికి ఇదొక్కటే ఆధారం కావడం సరికాదు.

రొయ్యల చెరువుల గట్ల మీద మాత్రం వేరే మాటకు తావు లేదు. చెరువు నీటిలోకి గాలి పంపే ఏరేటర్ల కోసం వచ్చిన లైను నుంచి 230 వోల్టులు లాగి గట్టు మీది కర్రకు అడాప్టర్ కట్టడం ఉప్పునీటి పక్కన చావును పిలవడమే. ఉప్పునీరు మంచినీటి కంటే ఎన్నో రెట్లు బాగా కరెంటును పారిస్తుంది, పనివాళ్లు మోకాళ్ల లోతు నీటిలో దిగుతారు. అక్కడ సోలార్ కెమెరా పెట్టాలి, లేదా షెడ్డులోంచి పీవోఈ లైను వేయాలి.

ఇక తుపాన్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. అంతటి గాలికి ఏ కెమెరా బిగింపూ ఆగదు, ఆగాల్సిన పనీ లేదు. హెచ్చరిక వచ్చిన రోజే కెమెరాల ప్లగ్గులు, బయటి కేబుళ్లు తీసేయాలి. టెన్షన్ పడి గాలిలో నిచ్చెనెక్కి కెమెరా దించడం వద్దు. పోతే కెమెరానే పోతుంది.

గాలి తగ్గాక బయట వేలాడే ప్రతి వైరులోనూ కరెంటు ఉందనే అనుకోవాలి, అది కెమెరా వైరులా కనిపించినా సరే. విరిగిన స్తంభం నుంచి పడ్డ లైను దాని మీదే పడి ఉండొచ్చు. రోడ్డు మీద తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేయాలి. కరెంటు తిరిగొచ్చాక మెయిన్ వేసే ముందు కెమెరా ఎంసీబీని పడేసి ఉంచాలి. నీళ్లు తగిలిన అడాప్టర్‌ను ఎండబెట్టి వాడొద్దు, పారేయాలి. దాని ఖరీదు ప్రాణం కంటే ఎక్కువ కాదు. జంక్షన్ బాక్సులు విప్పి, పిన్నులు తుడిచి, ఆరనిచ్చి, ఆర్‌సీసీబీ బటన్ నొక్కి చూసి, ఆ తర్వాతే ఒక్కో కెమెరాను కలపాలి. ఏ కెమెరా కలిపినప్పుడు ఆర్‌సీసీబీ పడితే, తడి దిగింది దాని అడాప్టర్‌లోనో, దానికి వచ్చే 230 వోల్టుల లైనులోనో.